మొలక వేసి చూడండి: తెలుగు వికీపీడియాలో రాయాలనుకుని ఆగిపోయినవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు వికీపీడియాలో రాయాలని ఉందనే వాళ్ళు నాకు తరచూ తారసపడుతుంటారు. ఊరి చరిత్రతో నోటు పుస్తకం నింపుకున్న రిటైరైన మాస్టారు, అమ్మమ్మ పాడే పాటలన్నీ ఫోనులో దాచుకున్న అమ్మాయి, గుడి గోడల మీది శాసనాలకు ఫొటోలు తీసిపెట్టుకున్న బ్యాంకు ఉద్యోగి. వీళ్ళ దగ్గర సరుకు లేక కాదు. "ఇంకొంచెం సమాచారం దొరికాక మొదలుపెడతానండి" అంటారు. ఆ ఇంకొంచెం దొరికాక మరికొంచెం కావాలనిపిస్తుంది. ఇరవై ఏళ్ళు దాటిన ఈ పనిలో నేను ఆలస్యంగా చేరినవాణ్ణే. ఇలా ఆగిపోయినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇవి.

అంతా సిద్ధం చేసుకుని ఒకేసారి పెడితే మంచిది కదా? సగం సగం వ్యాసం పెడితే వికీపీడియాకే చెడ్డపేరు రాదా?

ఈ ప్రశ్నకు వికీపీడియా పుట్టుకలోనే జవాబుంది. 2000 మార్చిలో జిమ్మీ వేల్స్ న్యూపీడియా అనే ఉచిత విజ్ఞాన సర్వస్వాన్ని ఇంటర్నెట్టులో మొదలుపెట్టాడు. ప్రధాన సంపాదకుడు లారీ సాంగర్. నిపుణులే రాయాలి, నిపుణులే సరిచూడాలి, పొరపాటన్నది లేకుండా బయటికి రావాలి అన్నది వాళ్ళ ఉద్దేశం. అందుకోసం ఏడు అంచెలు పెట్టారు. ముందు విషయాన్ని ఒకరికి అప్పగించాలి. దాన్ని చూసే సమీక్షకుణ్ణి వెతకాలి. ఆయన చూడాలి, తర్వాత అందరూ చూడాలి. భాష దిద్దేవారు దిద్దాలి, మళ్ళీ అందరూ దిద్దాలి. చివరికి ఆమోదముద్ర పడాలి. ఇంతా చేస్తే మొదటి ఏడాదిలో బయటికొచ్చిన వ్యాసాలు 21.

వాళ్ళు పని చేతకానివాళ్ళో, బద్ధకస్తులో కారు. చాలామంది పెద్ద చదువులు చదివినవాళ్ళు. న్యూపీడియాకు చిత్తుప్రతులు త్వరగా తయారుచేసుకుందామని 2001 జనవరి 15న పక్కన ఇంకో సైటు తెరిచారు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అదే వికీపీడియా. మొదటి నెలలో సుమారు 200 వ్యాసాలు, ఏడాది తిరిగేసరికి 18,000 వచ్చాయి. చిత్తు కాగితాల కోసం తెరిచిన గదే అసలు ఇల్లయింది. న్యూపీడియా 2003లో మూతబడింది. అదే ఏడాది డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలైంది.

నాకు ఇందులో కనిపించేది ఒకటే. న్యూపీడియాలో వ్యాసం బయటపడక ముందు దిద్దుబాటు జరగాలి, వికీపీడియాలో బయటపడ్డాక జరుగుతుంది. బయట ఉన్నదాన్ని వందమంది చూస్తారు. మీ నోటు పుస్తకంలో ఉన్నదాన్ని మీరొక్కరే చూస్తారు.

అన్నట్టు, వికీ అంటే హవాయి భాషలో చురుగ్గా, త్వరగా అని అర్థం. 1995లో మొట్టమొదటి వికీ సైటును తయారుచేసిన వార్డ్ కన్నింగ్‌హామ్ ఆ మాటను హోనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి తీసుకున్నాడు. నెమ్మదిగా, తీరుబడిగా, లోపం లేకుండా అని ఆ పేరులో ఎక్కడా లేదు.

మొలక అంటారు కదా, అదేమిటి?

ఇంకా ఎదగాల్సిన చిన్న వ్యాసాన్ని తెలుగు వికీపీడియాలో మొలక అంటాం. ఈ పేరు ఎవరికి తట్టిందో గానీ వాళ్ళకు నా నమస్కారం. అసంపూర్తి వ్యాసం అంటే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. మొలక అంటే దాని పని అది చేస్తున్నట్టే.

మచ్చుకొకటి చూపిస్తాను. ఏటికొప్పాక మీద వికీపీడియాలో వ్యాసం ఇప్పటికే ఉంది. అది లేదనుకుని, ఈరోజే మొదలుపెడుతున్నామనుకోండి:

"ఏటికొప్పాక, అనకాపల్లి జిల్లా, యలమంచిలి మండలానికి చెందిన గ్రామం. ఇది వరాహ నది ఒడ్డున ఉంది. ఇక్కడి కళాకారులు అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది."

నాలుగే వాక్యాలు. ఊరు ఎక్కడుందో తెలిసింది, దేనికి పేరుపడిందో తెలిసింది. ఆ నాలుగో వాక్యం పక్కన పత్రికలో వచ్చిన వార్తనో, ప్రభుత్వ ప్రకటననో మూలంగా చూపిస్తే పేజీ నిలబడుతుంది. లక్కకు రంగులు ఎలా కలుపుతారు, అంకుడు కర్రే ఎందుకు, ఆ పని ఎన్ని తరాల నాటిది, ఇవన్నీ తర్వాత రావచ్చు. రాసేవాళ్ళు మీరే కానక్కరలేదు.

మరి ఎంత చిన్నదైనా ఫర్వాలేదా?

ఫర్వాలేదని నేను అనను. చిన్నగా మొదలుపెట్టడం వేరు, ఏదో ఒకటి పడేసి పోవడం వేరు. "ఫలానా ఊరు ఒక గ్రామం" అని ఒక్క ముక్క రాస్తే చదివేవాడికి ఏం ఒరిగింది? తెలుగు వికీపీడియాలో ఒకప్పుడు గ్రామాల పేజీలు ఇలా ఒక్క వాక్యంతో వేలకొద్దీ ఉండేవి. వాటిని చూసి బయటివాళ్ళు విమర్శించారు, లోపలివాళ్ళం బాధపడ్డాం. తర్వాత ఓపికున్న కొందరు 2011 జనగణన లెక్కలు తీసుకుని ఒక్కో ఊరికి జనాభా, ఇళ్ళు, బడులు, సాగు భూమి, తాగునీటి వసతులు చేర్చుకుంటూ వెళ్ళారు. ఒక్క వాక్యపు పేజీ కూడా అలా పెరిగింది, కాదనను. కానీ ఆ ఒక్క వాక్యంతో పాటు ఒక్క మూలం కూడా ఇచ్చివుంటే వాళ్ళ శ్రమ సగమయ్యేది.

దీనికి తలకిందులైన సంగతి కూడా జరిగింది. 2010 ప్రాంతంలో ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాలను యంత్రం సాయంతో తెలుగు చేసి పెద్ద సంఖ్యలో పెట్టారు. చూడ్డానికి నిండుగా, పేజీలకు పేజీలు ఉండేవి. చదవబోతే వాక్యం తలా తోకా తెలిసేది కాదు. వాటిని దిద్దాలని ప్రయత్నించినవాళ్ళు చేతులెత్తేశారు. చివరికి వికీపీడియాలో రాసేవాళ్ళ సముదాయమే చర్చించుకుని చాలావాటిని తొలగించింది. నాలుగు శుభ్రమైన వాక్యాలు నలభై పేరాల కంటే మేలని నేను గట్టిగా నమ్మడానికి ఆ అనుభవమే కారణం. చిన్నదాన్ని పెంచడానికి ఎవరైనా ముందుకొస్తారు, కలగాపులగంగా ఉన్న పెద్దదాన్ని ముట్టుకోవడానికి ఎవరూ రారు.

కాబట్టి నా కొలత ఇది: చెప్పింది కొంచెమే అయినా నిజమై ఉండాలి, ఎక్కడిదో చూపించగలగాలి, అక్కడికక్కడ అర్థం కావాలి. ఈ మూడూ ఉంటే ఎంత చిన్నదైనా పెట్టెయ్యండి.

తప్పు రాస్తే పరువు పోదా?

ఈ భయం నాకు బాగా తెలుసు. మా ఊరి పేజీలో నేను తొలిసారి సాగునీటి గురించి రాసినప్పుడు ఊరచెరువు ఒక్కటే ఉందని రాశాను. నా చిన్నప్పటి నుంచి నేను చూసింది అదొక్కటే. ప్రతి వ్యాసానికీ వెనక, దాని గురించి మాట్లాడుకోవడానికి చర్చ పేజీ ఒకటి ఉంటుంది. కొన్ని నెలలకు ఎవరో అందులో రాశారు: "అయ్యా, ఊరికి ఉత్తరాన దేవరచెరువు ఉండేది. పూడిపోయి ఇప్పుడు చేలయింది. మా తాతగారి పొలం దాని కిందే." తాను గల్ఫ్‌లో పనిచేస్తున్నానని, ఊరి పేరు కొట్టి చూస్తే ఈ పేజీ కనిపించిందని చెప్పారు. పాత గెజిటీరులో, అంటే జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకంలో, ఆ చెరువు పేరున్న పేజీ అంకె కూడా ఇచ్చారు. నేను చూసి, సరిచేసి, మూలం పెట్టాను.

ఆ రోజు నాకు పరువు పోయినట్టు అనిపించలేదు. ఊళ్ళో తెలియని చుట్టం ఒకాయన దొరికినట్టు అనిపించింది. నేను ఇంకో రెండేళ్ళు నోటు పుస్తకం ముందు కూర్చున్నా ఆ రెండో చెరువు సంగతి నాకు తెలిసేది కాదు. నా పేజీలో తప్పు కనిపించబట్టే ఆయన నోరు విప్పారు.

ఇక సాంకేతికంగా చూస్తే, ప్రతి పేజీకీ చరిత్ర అనే ట్యాబు ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో అందులో ఉంటుంది. మీరు పొరపాటున సగం వ్యాసం చెరిపేసినా పాత కూర్పును వెనక్కి తేవడం నిమిషం పని. మీ చేత్తో వికీపీడియా పాడైపోదు.

నా దగ్గర పుస్తకాలేమీ లేవు. పెద్దవాళ్ళు చెప్పిన మాటలే ఉన్నాయి. ఎలా?

ఇది కాస్త కష్టమైన ప్రశ్న, దాచి చెప్పడం నాకిష్టం లేదు. అచ్చయిన ఆధారం లేని మాటను వికీపీడియా ఒప్పుకోదు. మీ తాతగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమే కావచ్చు, అయినా దాన్ని చదివినవాడు సరిచూసుకునే దారి ఉండాలి. అందుకని ఆ మాటలను పక్కన పెట్టి, వాటి చుట్టూ ఆధారమున్నది ఏదుందో చూడండి. జిల్లా జనగణన పుస్తకంలో మీ ఊరి వివరాలు సాధారణంగా ఉంటాయి. పత్రికల జిల్లా అనుబంధాల్లో జాతర మీద వార్త వచ్చి ఉండొచ్చు. గుడిలో శాసనం ఉంటే పురావస్తు శాఖ వాళ్ళ శాసన సంపుటాల్లో దాని పాఠం ఉండొచ్చు. వీటిలో ఒక్కటి దొరికినా మొలకకు చాలు. పెద్దవాళ్ళ మాటలను మాత్రం రికార్డు చేసి, తేదీ, చెప్పినవారి పేరు రాసి భద్రంగా పెట్టుకోండి. ఎవరైనా వాటితో పుస్తకం వేస్తే, అప్పుడు అదే మూలమవుతుంది.

ఫొటోల విషయంలో మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దని బతిమాలుతున్నాను. మీరు తీసిన ఫొటోను, అందరూ వాడుకునేలా ఫొటోలు దాచే వికీమీడియా కామన్స్ సైటులో పెట్టడానికి అచ్చు ఆధారం అక్కర్లేదు. మా ఊరి పాత బడి గుమ్మం పక్కన ఒక శిలాఫలకం ఉండేది. బడి ప్రారంభించిన తేదీ, స్థలమిచ్చిన దాతల పేర్లు దాని మీద చెక్కారు. సున్నం వేసి వేసి అక్షరాలు పూడిపోయాయి. వాటిని తడిగుడ్డతో తుడిచి, పొద్దుటి ఏటవాలు ఎండలో, మంచి కెమెరాతో ఫొటో తీయాలని అనుకున్నాను. ఏటవాలు ఎండలో చెక్కిన అక్షరాలు నీడపడి స్పష్టంగా కనిపిస్తాయి. ఆ సంక్రాంతికి కెమెరా కుదరలేదు. ఫోను జేబులోనే ఉంది. మరుసటి సంక్రాంతికి వెళ్ళేసరికి బడి కూల్చి కొత్తది కట్టేశారు. ఆ రాయి ఏమైందని అడిగితే ఒకరు పునాదిలోకి వెళ్ళిందన్నారు, ఇంకొకరు ట్రాక్టరులో మట్టితో పాటు పోయిందన్నారు. మా ఊరి పేజీలో బడి మొదలైన సంవత్సరం ఇప్పటికీ లేదు.

జిల్లాలు, మండలాలు మారుతూనే ఉన్నాయి. అన్నీ స్థిరపడ్డాక రాస్తే మళ్ళీ మార్చే పని ఉండదు కదా?

తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కొత్తగా చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు 26 అయ్యాయి. ఇందాక చెప్పిన ఏటికొప్పాక 2022 మార్చిలో విశాఖపట్నం జిల్లాలో ఉంది, ఏప్రిల్లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అంటే మార్చిలో ఎంత గొప్పగా, ఎంత పూర్తిగా రాసిన వ్యాసమైనా నెల తిరగకుండానే మొదటి వాక్యం దగ్గరే దిద్దాల్సి వచ్చింది. ప్రతిసారీ వేల పేజీల్లో ఆ ఒక్క మాట మార్చుకుంటూ పోయారు మనవాళ్ళు. ఊరు బతికున్నంత కాలం దాని పేజీ పూర్తికాదు. స్థిరపడే రోజు కోసం చూడకండి.

నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు రాస్తే బాగుంటుందేమో?

వాళ్ళూ ఇదే మాట అనుకుంటూ ఉంటారు.

తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని మొదట నడుం కట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారిని తలుచుకోండి. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టారు. 1906లో తెలుగు పుస్తకాలు ప్రచురించడానికి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవారిలో ముఖ్యులు. తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, మూడు సంపుటాలు తెచ్చారు. ఆ మూడూ "అ" అక్షరంతో మొదలయ్యే విషయాలే. 1923లో, యాభై ఏళ్ళు కూడా నిండకుండా ఆయన వెళ్ళిపోయారు. మిగిలిన అక్షరాలు ఆయన చేతి మీదుగా రాలేదు.

"అ దగ్గరే ఆగిపోయింది" అని జాలిగా చెప్పేవాళ్ళు ఉన్నారు. నేనలా చూడను. "అ" నుంచి చివరి అక్షరం దాకా అన్నీ రాశాకే అచ్చు వేద్దామని ఆయన కూర్చుని ఉంటే, ఆ మూడు సంపుటాలు కూడా ఉండేవి కావు. చిత్తుకట్టలు ఏ అటకమీదో చెదలు పట్టేవి. ఎంత సిద్ధమైతే అంత అచ్చు వేశారు కాబట్టి, ఆ తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాన్ని మళ్ళీ చేపట్టడానికి ఒక ఆనవాలు మిగిలింది. అచ్చుయంత్రం, డబ్బు, కాగితం అన్నీ కష్టమైన రోజుల్లో ఆయన చేసిన పని అది. మనకు ఇప్పుడు కావాల్సింది ఒక ఫోను.

తెలుగులో టైపు చేయడం రాదు.

వికీపీడియా పేజీలోనే ఆ సదుపాయం ఉంది. రాసే పెట్టెలో క్లిక్ చేస్తే మూలన చిన్న కీబోర్డు బొమ్మ వస్తుంది, అందులో లిప్యంతరీకరణ ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టింది తెలుగవుతుంది. ఇన్‌స్క్రిప్టు అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటున్నవాళ్ళకు అదీ ఉంది. ఫోనులో అయితే వాట్సాప్‌కు వాడే తెలుగు కీబోర్డే చాలు.

నాకు వారానికి అరగంట కంటే దొరకదు. అంత తక్కువ టైముతో ఏం చేయగలను?

అరగంటకు సరిపోయే పనులు చాలా ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది తెలుగు వికీసోర్స్. కాపీహక్కులు తీరిన పాత పుస్తకాలను అక్కడ స్కాను చేసి పెడతారు. మన దేశంలో సాధారణంగా రచయిత చనిపోయిన అరవై ఏళ్ళకు ఆ హక్కులు తీరతాయి. ఎడమవైపు పాఠం, కుడివైపు స్కాను చేసిన పేజీ బొమ్మ. యంత్రం చదివి ఇచ్చిన పాఠంలో "ఘ" బదులు "ఫు", "మ" బదులు "వు" లాంటివి పడుతుంటాయి. వాటిని చూసి దిద్దాలి. సరిచూడని పేజీ ఎర్ర రంగులో ఉంటుంది. ఒకరు సరిచూస్తే పసుపవుతుంది, రెండోవారు కూడా చూశాక పచ్చబడుతుంది. పుస్తకం మొత్తం నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఒక్క పేజీ తీసుకోండి. దాన్ని ఎరుపు నుంచి పసుపు చేశారంటే మీ పని అక్కడికి నిండుగా అయినట్టే, ఎవరికీ బాకీ లేరు.

వికీ నిఘంటువైన విక్షనరీలో అయితే పని ఇంకా చిన్నది, ఒక్క మాట. మీ ఊళ్ళో కాడి, నొగ, మేడి అని పిలిచేవాటికి అర్థం రాయడానికి పది నిమిషాలు పట్టదు. నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఆ మాటలు తెలిసిన ఆఖరి తరం మనమే కావచ్చు.

నా వ్యాసం తొలగిస్తే?

తొలగించే అవకాశం ఉంది. సొంత గొప్పలు, కంపెనీ ప్రచారం, పత్రికలోంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాసినవి ఉంచరు, ఉంచకూడదు కూడా. మిగతావాటికి సాధారణంగా ముందు పేజీ పైన మూస అనే హెచ్చరిక పెట్టె ఒకటి పెట్టి, చర్చ పేజీలో కారణం చెబుతారు. చిన్నగా మొదలుపెడితే ఇక్కడా మేలే. నాలుగు వాక్యాలు పెట్టి వారం చూడండి. విషయానికి ప్రాధాన్యం సరిపోదని ఎవరైనా అంటే మీకు పోయింది అరగంట. ఆర్నెల్లు కష్టపడి నలభై పేరాలు పెట్టాక అదే మాట విన్నవాళ్ళు మళ్ళీ అటువైపు రాకపోవడం నేను చూశాను. అలా మంచి రాతగాళ్ళను పోగొట్టుకున్నాం, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే?

వదిలేయండి. ఇది మీరొక్కరే మోసే బరువు కాదు. తెలుగు వికీపీడియాలో వ్యాసాలు లక్ష దాటాయి, వాటిలో చాలావాటిని మొదలుపెట్టినవారు ఒకరు, పెంచినవారు వేరొకరు. పోయేముందు ఒక్క సాయం చేయండి: మీకు దొరికిన మూలాలు, ఇంకా తేలని సంగతులు చర్చ పేజీలో రాసి పెట్టండి. "జాతర ఏ నెలలోనో తేలలేదు, ఫలానా పుస్తకంలో ఉండొచ్చు" అన్న ఒక్క ముక్క వెనక వచ్చేవారికి సగం దారి చూపిస్తుంది.

సరే, ఇవాళే మొదలుపెట్టాలంటే ఏం చేయమంటారు?

ముందు మీ ఊరి పేరు వికీపీడియాలో వెతకండి. రెండు రాష్ట్రాల్లోని ఊళ్ళకు చాలావరకు పేజీలు ఉన్నాయి, కాబట్టి మీ ఊరిదీ ఉండే ఉంటుంది. అప్పుడు కొత్త పేజీ భయమే లేదు. దాన్ని చదవండి. మీకు తెలిసినదాంట్లో అక్కడ లేనిది, ఆధారం చూపగలిగేది, ఒక్కటి ఎంచుకోండి. ఖాతా తెరవండి. సవరించు నొక్కి ఆ ఒక్క వాక్యం రాయండి, పక్కన మూలం ఇవ్వండి. చేయి తిరగలేదనిపిస్తే ముందు ప్రయోగశాల పేజీలో రెండు మూడు సార్లు రాసి చూసుకోవచ్చు. కింద సారాంశం పెట్టెలో ఏం చేర్చారో రెండు మాటలు రాసి ప్రచురించండి. ఎక్కడైనా చిక్కుకుంటే రచ్చబండ అనే పేజీ ఉంది, అక్కడ అడగండి. పేరుకు తగ్గట్టే అక్కడ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. నేనూ పొద్దున్నే ఒకసారి అటు తొంగిచూస్తాను.